అభయహస్తం పొడవు యాభై కిలోమీటర్లు

కొత్త కారు తాళాలు చేతికిచ్చేటప్పుడు షోరూమ్‌వాళ్లు పూలదండ వేస్తారు, స్వీటు డబ్బా ఇస్తారు, ఫొటో తీస్తారు. వాటితోపాటు ఒక కార్డు కూడా ఇస్తారు. దాని మీద ‘రోడ్‌సైడ్ అసిస్టెన్స్’ అని ఉంటుంది. ఇరవై నాలుగు గంటలూ, దేశంలో ఎక్కడ ఆగిపోయినా మేమున్నాం అని ఉంటుంది. ‘ఎక్కడ’ అన్న మాట నెత్తిన మాత్రం ఈపంత నక్షత్రం ఒకటి మెరుస్తుంటుంది. ఆ నక్షత్రం అంతు తేల్చుకోవాలంటే కార్డు వెనక్కి తిప్పాలి, కళ్లజోడు పెట్టుకోవాలి, ఆ తర్వాత దోర్నపాల్ దాకా వెళ్లాలి.

దోర్నపాల్ ఎందుకంటారా? విజయవాడ నుంచో ఖమ్మం నుంచో చిత్రకోట జలపాతం చూద్దామని బయల్దేరే కార్లు చాలామటుకు ఆ ఊరి మీదుగానే పోతాయి. జగదల్‌పూర్ నుంచి భద్రాద్రి రాముడి దర్శనానికి దిగే కార్లదీ అదే దారి. భద్రాచలం, చింతూరు దాటి, శబరి ఒడ్డున కొంట చేరితే ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా. ఇంకో నలభై కిలోమీటర్లు పోతే దోర్నపాల్. అదేమీ డొంకదారి కాదు. ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్ నుంచి మన విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం దాకా వచ్చే 30వ నంబరు జాతీయ రహదారి. ఊళ్లో హిందీ, గోండీ, దోర్లీలతోపాటు తెలుగూ వినపడుతుంది. టీ దొరుకుతుంది, పంక్చరు వేసేవాడు దొరుకుతాడు. దొరకనిదల్లా కార్డు మీద అచ్చేసిన ‘మేము’.

అక్కడ కారు ఆగిందనుకోండి. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే ఏమవుతుందో కింద రాస్తున్నాను. కల్పితమే. ఒకసారి ఆ నంబరు నొక్కి చూసినవాళ్లు మాత్రం కల్పితమంటే నమ్మరు.

“మీ లొకేషన్ చెప్పండి సార్.”

“దోర్నపాల్. సుక్మా జిల్లా.”

“దగ్గర్లో ల్యాండ్‌మార్క్ ఏముంది సార్?”

“సీఆర్‌పీఎఫ్ క్యాంపు.”

“అది కాకుండా సార్? మాల్ గానీ, ఫ్లైఓవర్ గానీ?”

“శబరి నది ఉందమ్మా.”

“ఓకే సార్. యాప్‌లో లైవ్ లొకేషన్ షేర్ చేయండి.”

“మాటకైతే సిగ్నల్ ఉంది గానీ నెట్ రావట్లేదు.”

“పర్లేదు సార్, లింకు వాట్సాప్‌లో పంపిస్తున్నాను.”

ఆ అమ్మాయిని ఏమీ అనకూడదు. ఆమె ముందున్న తెర మీద ఏముంటే అది చదువుతోంది. పైగా ఆమె కారు కంపెనీ మనిషి కూడా కాకపోవచ్చు. కంపెనీ ఈ పనిని ఇంకో సంస్థకు అప్పగిస్తుంది, ఆ సంస్థ ఊరూరా క్రేనులున్నవాళ్లతో ఒప్పందం రాసుకుంటుంది. క్రేను యజమాని డ్రైవరుకు ఫోన్ చేస్తాడు. ఆ డ్రైవరు గూగుల్ మ్యాపు తెరిచి దోర్నపాల్ ఎక్కడుందో చూసుకుని, “అన్నా, రేపు పొద్దున పెట్టుకుందాం” అంటాడు. కార్డు మీది ‘మేము’ బహువచనం ఊరికే రాలేదు. బాధ్యత ఇంతమంది చేతులు మారింది గనక వచ్చింది.

ఇక అసలు లెక్క. మీ కార్డు వెనక ‘యాభై కిలోమీటర్ల దాకా టోయింగ్ ఉచితం’ అని ఉందనుకుందాం. ఆ యాభై ఎక్కడ మొదలవుతాయి? కారు ఆగిన చోటి నుంచి అనుకుంటాం, అమాయకులం. కొన్ని ఒప్పందాల్లో రికవరీ బండి తన షెడ్డు గేటు దాటిన నిమిషం నుంచే మీటరు తిరుగుతుంది. కారును వర్క్‌షాపులో దించి, మళ్లీ తన షెడ్డుకు చేరేదాకా తిరుగుతూనే ఉంటుంది. జగదల్‌పూర్ నుంచి దోర్నపాల్ దాదాపు 140 కిలోమీటర్లు. బండి అక్కణ్నుంచే బయల్దేరితే దర్భా ఘాట్ దాటీదాటకముందే ఉచితం కాస్తా హరించుకుపోతుంది. అప్పటికి మీ కారు అంగుళం కదలలేదు. అంటే కంపెనీ దయతో ఉచిత ప్రయాణం చేసింది మీ కారు కాదు, ఖాళీ రికవరీ బండి. రానూపోనూ 280లో యాభై తీసేస్తే 230. లెక్క కోసం కిలోమీటరుకు పాతిక రూపాయలు వేసుకోండి, 5,750 అవుతుంది. పన్ను దానిమీద. ఇంత కట్టాక వచ్చే ఎస్సెమ్మెస్ ఏమంటుందో తెలుసా? “మా ఉచిత సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?” మళ్లీ నక్షత్రమే.

‘అతి దగ్గరి అధీకృత వర్క్‌షాపు దాకా’ అనే రకం కార్డులూ ఉన్నాయి. వినడానికి అది మరీ ఉదారంగా ఉంటుంది, కిలోమీటర్ల ఊసే లేదు కదా అని. దగ్గర అంటే ఎవరికి దగ్గర? దోర్నపాల్ నుంచి దక్షిణంగా వందకు అటూఇటూగా పోతే భద్రాచలం. ఆ కాస్త దూరంలోనే ఛత్తీస్‌గఢ్ అయిపోతుంది, ఆంధ్రప్రదేశ్ వస్తుంది, తెలంగాణ మొదలవుతుంది. ఉత్తరంగా పోతే మొత్తం ఒకే రాష్ట్రం గానీ దూరం ఎక్కువ. మీరు ఖమ్మం మనిషి, కారు ఇంటివైపు పోతే బాగుండునని మీ ఆశ. కంపెనీ జాబితాలో మీరున్నది రాయ్‌పూర్ జోన్. క్రేను డ్రైవరుకేమో మూడు రాష్ట్రాల పర్మిట్ల గొడవ. ఈ ముగ్గురూ ఫోన్‌లో కలిసి తేల్చేది ఏమిటంటే, కారు ఆ రాత్రి దోర్నపాల్‌లోనే పడుకోవాలని.

బీమా ఉంది కదా అంటారేమో. ఉంది. 2002 జులై 1న అమల్లోకి వచ్చిన ఇండియా మోటార్ టారిఫ్‌లోని ప్యాకేజీ పాలసీ చదవండి. ప్రమాదానికి గురైన సొంత కారును దగ్గరి రిపేరు షాపుకు చేర్చడానికీ, బాగయ్యాక తిరిగి అప్పగించడానికీ అన్నీ కలిపి 1,500 రూపాయలకు మించకుండా ఇస్తామని అందులో రాశారు. పెట్రోలు లీటరు ముప్పై రూపాయల చుట్టుపక్కల ఉన్న రోజుల లెక్క అది. అదీ ప్రమాదం జరిగితేనే. ఊరికే ఆగిపోతే అది కూడా లేదు. గుద్దుకోకుండా ఆగినందుకు మనమే సిగ్గుపడాలి.

సరే, లారీవాళ్లు చేసినట్టు టోచన్ కట్టి లాగించుకుందామా? దానికీ చట్టం ఉంది. 2017 నాటి డ్రైవింగ్ నిబంధనల ప్రకారం రెండు బండ్ల మధ్య ఎడం 5 మీటర్లు దాటకూడదు, వేగం గంటకు 25 కిలోమీటర్లు మించకూడదు. ఆ లెక్కన జగదల్‌పూర్ చేరడానికి ఐదున్నర గంటల పైమాటే. పాత మాన్యువల్ గేరు కారైతే ఓపిక ఉన్నవాడు అదీ చేస్తాడు. ఆటోమేటిక్ గేర్‌బాక్సులో ఇంజను తిరిగితేనే ఆయిల్ పంపు తిరుగుతుంది. ఇంజను ఆపి చక్రాలను రోడ్డు మీద దొర్లిస్తూ అంత దూరం లాగితే లోపలి పళ్లు ఎండిపోయి అరుగుతాయి. ఎలక్ట్రిక్ కారుకైతే చక్రం తిరిగితే మోటారూ తిరుగుతుంది, అది వేరే ప్రమాదం. అందుకే కారుతో ఇచ్చే పుస్తకంలో ‘ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించి మాత్రమే తరలించాలి’ అని గట్టిగా రాస్తారు. పుస్తకం రాసిన చెయ్యీ కార్డు రాసిన చెయ్యీ ఒక కంపెనీవే. ఒకటి ఫ్లాట్‌బెడ్ తప్ప వద్దంటుంది, రెండోది ఫ్లాట్‌బెడ్‌ను యాభై కిలోమీటర్లు దాటనివ్వదు.

వీటన్నిటికన్నా నాకు ఎక్కువ నచ్చేది ‘వాహనాలు నడవడానికి అనువైన రోడ్డు మీద మాత్రమే’ అన్న షరతు. దోర్నపాల్ నుంచి జగర్‌గుండకు ఓ రోడ్డు చీలుతుంది. ఆ దారిలోని బుర్కాపాల్ దగ్గర 2017 ఏప్రిల్ 24న రోడ్డు పనికి కాపలాగా వెళ్లిన సీఆర్‌పీఎఫ్ జవాన్లు 25 మంది మావోయిస్టుల దాడిలో చనిపోయారు. అంత ఖరీదు పెట్టి వేసిన రోడ్డు బండ్లు నడవడానికి అనువైనదో కాదో ఎక్కడో ఏసీ గదిలో ఒక డ్రాప్‌డౌన్ మెనూ తేలుస్తుంది. దాని పక్కనే ‘అల్లర్లు, అశాంతి, ప్రకృతి వైపరీత్యం వంటి మా చేతిలో లేని కారణాలు’ అని మరో గడి ఉంటుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు శబరి ఎగదన్ని కొంట, చింతూరుల మధ్య ఈ రహదారే మునిగింది. వానాకాలం వరద అని తీసేశారు, అడవి అశాంతి అని తీసేశారు, మిగతా నెలల్లో దూరం అని తీసేశారు. ‘ఎక్కడైనా, ఎప్పుడైనా’లో ఇంకేం మిగిలిందో లెక్కల మేష్టార్లు చెప్పాలి.

ఇంతకీ ఆగిన కారును కదిలించేది ఎవరు? రోడ్డు పక్క మెకానిక్. బోనెట్ ఎత్తి, చెవి పెట్టి విని, “ఫ్యూజు పోయింది భయ్యా” అంటాడు. పెద్ద జబ్బైతే వాడి దగ్గర స్కానర్ ఉండదు, అసలు పార్టు దొరకదు. అదేదో వాడి తెలివితక్కువతనం కాదు. బయటి గ్యారేజీలవాళ్లకు విడిభాగాలూ, రోగం కనిపెట్టే పరికరాలూ అందకుండా చేస్తున్నారని 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద 2,544 కోట్ల రూపాయల పైచిలుకు జరిమానా వేసింది. బయట రిపేరు చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు అనే గుత్త షరతు పెట్టొద్దని కూడా చెప్పింది. కంపెనీలు పైకోర్టులకు వెళ్లాయి, అప్పీలు ట్రిబ్యునల్ తర్వాత జరిమానా లెక్క తగ్గించింది, అదంతా వేరే కథ. మన కథకు కావలసింది ఇంతే: దోర్నపాల్ మెకానిక్ చేతికి పనిముట్లు ఇవ్వరు, వాడు చెయ్యి వేస్తే వారంటీ అంటూ బెదిరిస్తారు, తమ మనిషిని పంపమంటే కిలోమీటర్లు లెక్కపెడతారు.

కార్లవాళ్ల కోసం రోడ్డు మీదికి మనిషిని పంపడం ఒకప్పుడు ఉండేది. 1905లో ఇంగ్లండులో ఆటోమొబైల్ అసోసియేషన్ పెట్టినప్పుడు దాని పని పోలీసుల స్పీడు ఉచ్చుల గురించి సభ్యులను హెచ్చరించడం. రోడ్ల వెంట సైకిళ్ల మీద మనుషుల్ని తిప్పేవాళ్లు. సైకిలు మనిషి సలాం కొడితే ముందు దారి బాగుందని, కొట్టకపోతే పోలీసులున్నారని గుర్తు. పని చట్టబద్ధమా కాదా అన్నది పక్కన పెడితే, నూట ఇరవై ఏళ్ల కిందట రోడ్డు మీద ఒక మనిషి కనపడేవాడు. మనకు టికెట్ నంబరు కనపడుతోంది.

కంపెనీ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. డీజిలు ఖర్చవుతుంది, డ్రైవరుకు జీతమివ్వాలి, అడవిలోకి రాత్రిపూట మనిషిని పంపడం చిన్న విషయం కాదు. హద్దు ఉండటం తప్పంటే నేనూ ఒప్పుకోను. హద్దు పెట్టుకుని హద్దు లేదని అమ్మడం గురించే నా గొడవ. బంజారాహిల్స్‌లో కారు ఆగితే కూతవేటు దూరంలో నాలుగు వర్క్‌షాపులుంటాయి. అక్కడ కార్డు లేకపోయినా గడిచిపోతుంది. సుక్మాలో కొన్నవాడూ అదే కార్డుకు అంతే డబ్బు కడతాడు. అవసరం లేనివాడికి పూర్తి సేవ, అవసరమైనవాడికి పూర్తి బిల్లు. కార్డు వెనక ఎనిమిది పేజీల షరతులకు బదులు ఒక మ్యాపు అచ్చేస్తే సరిపోతుంది. ఉచితంగా వచ్చేంత మేర పచ్చరంగు, రానిచోట ఎరుపు. బస్తర్ ఎంత ఎర్రగా ఉంటుందో షోరూమ్‌లోనే తెలిసిపోతుంది. తెలిసిపోతుందనే అచ్చెయ్యరు.

కొనేముందు సేల్స్ కుర్రాణ్ని ఒక్క ప్రశ్న అడగండి: “దోర్నపాల్‌లో ఆగితే నాకెంత పడుతుంది? కాగితం మీద రాసివ్వు.” కుర్రాడు మేనేజర్ని పిలుస్తాడు, మేనేజర్ కాఫీ తెప్పిస్తాడు. కాఫీ తాగండి గానీ కాగితం వదలొద్దు. రేపు పేచీ వస్తే అది పనికొస్తుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు. కంపెనీ హెడ్డాఫీసు ఉన్న మహానగరానికి పరుగెత్తక్కర్లేదు. జగదల్‌పూర్ కాపురస్థుడు అక్కడి జిల్లా కమిషన్‌లో కేసు వేశాడనుకోండి, కంపెనీ వకీలు విమానం దిగి, ట్యాక్సీ మాట్లాడుకుని అక్కడిదాకా వస్తాడు. ఆయన రానూపోనూ ఖర్చు కంపెనీ మొదటి కిలోమీటరు నుంచి చివరి కిలోమీటరు దాకా పూర్తిగా ఇచ్చుకుంటుంది. ఆయన బిల్లు మీద నక్షత్రం ఉండదు.