రాణిబొమ్మ రూపాయికి రేటు కట్టే శాస్త్రం

హిందూపురం మార్కెట్ యార్డులో చింతపండు కొనేవాణ్ణి మోసం చేయడం అంత సులువు కాదు. బుట్టలోకి చెయ్యి దూర్చి అడుగునుంచి ముద్ద తీస్తాడు, నలుపుతాడు, ఈనె ఎంత, గింజ ఎంత, తడి ఎంత అని చూస్తాడు. కరిపులికో రేటు, ఫ్లవర్‌కో రేటు. ధర్మవరం పట్టుచీరల వ్యాపారి మరీ ఘటికుడు. అంచు వేలికి తగిలితే చాలు, జరీ ప్యూరా, హాఫ్‌ఫైనా, టెస్టెడ్డా అన్నది ఎదుటివాడు నోరు తెరవకముందే తేల్చేస్తాడు. ఇంత తెలివైన సీమలో ఒక్క వస్తువు ముందు మాత్రం అందరి బుర్రలూ ఒకేసారి సెలవు పెడతాయి. అది పాత వెండి రూపాయి.

జేజి పోయాక ఇనప్పెట్టె తెరుస్తారు. అడుగున పసుపు గుడ్డలో మూటగట్టిన నాణేలు. అన్నదమ్ములు పంపకాలకు కూర్చుంటారు, బావలు సలహాలకు కూర్చుంటారు. అందాకా వక్కాకు నములుతున్న చిన్నబావ ఫోన్ తీసి వీడియో పెడతాడు: ‘రాణిబొమ్మ నాణెం మీ ఇంట్లో ఉందా? అయితే మీరు కోటీశ్వరులే!’ పొలం గట్టు కోసం కొట్టుకుంటున్నవాళ్లు గట్టు వదిలేసి మూట మీద పడతారు. (ఆ వీడియోల్లో వెనక మోగే సంగీతం ఎంత గట్టిగా ఉంటే నాణెం ధర అంత పెరుగుతుందని నా అనుమానం.)

ఇక రేటు కట్టే పద్ధతులు. అన్నిటికన్నా పేరుమోసింది వయసు లెక్క. “1862 అని రాసుండాదప్పా! నూటరవై ఏండ్లు దాటె. ఏడాదికి వెయ్యేసుకున్నా లక్షా అరవై వేలు!” గుణకారంలో తప్పు లేదు. కాకపోతే ఆ పద్ధతినే పట్టుకుంటే పెనుకొండ గుట్ట మీది ఒక్క బండరాయిని కొనడానికి ప్రపంచ బ్యాంకు కూడా అప్పు చేయాలి. పైగా 1862 అని ఉన్నంత మాత్రాన ఆ రూపాయి ఆ ఏడాదే పుట్టిందనుకోనక్కర్లేదు. 1874లో ఏటికేడు తేదీ మార్చడం మొదలుపెట్టేదాకా టంకశాలలు అదే సంవత్సరం వేసి అచ్చు కొడుతూ పోయాయి. నాణెం మీది చుక్కలు లెక్కపెట్టి రకాలు విడదీసేవాళ్లు వేరే ఉన్నారు. మన బావ లెక్కపెట్టేది సున్నాలు.

దీనికి సరిగ్గా ఎదురు తిరిగిన శాస్త్రం వెండి అంగడిలో నడుస్తుంది. అక్కడ నాణెం మొహం కూడా చూడరు. ‘పాత వెండి, కల్తీ ఉంటాది, తరుగు పోతాది’ అని మూడు మాటలు చెప్పి, కాటా మీద కుమ్మరించి, సగం రేటు చెబుతారు. ఆ కల్తీ ఎంతో 1835 నుంచి చట్టమే చెబుతూ వచ్చింది. రూపాయి బరువు 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు వెండి. పాత తులం ఎత్తు అంటే ఈ రూపాయి ఎత్తే. నికరంగా వెండి 10.69 గ్రాములు. కిలో వెండి లక్ష అనుకుంటే రూపాయిలోని వెండే 1,069 రూపాయలు, కిలో రెండు లక్షలైతే 2,138. ఆ పూట రేటు పేపర్లో చూసి గుణించడమే పని, బడికి పోయే పిల్ల చేసే లెక్క. విచిత్రమేమిటంటే ఇదే నాణెం ధనత్రయోదశి నాడు ఇదే అంగడి అద్దాల బీరువాలోకి ఎక్కితే ‘యాంటిక్’ అయిపోతుంది. కల్తీ పోతుంది, తరుగూ పోతుంది.

అంగడాయన పూర్తిగా అబద్ధమాడడు, అదే ఆయన నేర్పు. ఆరో జార్జి తల ఉన్న రూపాయల్లో 1940 నుంచి 1945 దాకా వచ్చినవాటిలో వెండి నిజంగానే సగం. యుద్ధంలో వెండికి కటకట వచ్చింది. 1947 రూపాయిలో వెండి ఊసే లేదు, అంతా నికెల్. మూటలో ఇలాంటివి నాలుగు కనబడితే చాలు, వాటిని పైకెత్తి చూపించి మూట మొత్తానికీ సగం రేటు కట్టేస్తాడు. విక్టోరియమ్మ మనవడి కొడుకు చేసిన కక్కుర్తికి ఆమె జరిమానా కడుతుందన్నమాట.

మూడో బాపతు ఫోన్‌లో వస్తాడు. ఆయన బేరమాడడు. “అన్నా, మీ కాయిన్‌కు ముప్పై లక్షలు అప్రూవ్ అయింది. రిజర్వు బ్యాంకు సర్టిఫికెట్‌కు, పన్నుకు కొంచెం ముందుగా కట్టాల.” 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకు స్వయంగా ప్రకటన ఇచ్చింది: పాత నోట్లు, నాణేల లావాదేవీలతో మాకే సంబంధం లేదు, మా పేరు చెప్పి రుసుములు, కమీషన్లు, పన్నులు అడిగేవాళ్లను నమ్మొద్దు అని. ముప్పై లక్షలు ఇవ్వబోయేవాడు తన పన్ను తాను అందులోంచే పట్టుకోవచ్చు కదా అని అడిగిన బావ నాకింకా తగల్లేదు.

ఇక భక్తి మార్గం. ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 సంవత్సరం, మరో పక్క రామ పట్టాభిషేకమో హనుమంతుడో. బియ్యం గింజల్ని లాగుతుందని, దాని కోసం విదేశాల్లో శాస్త్రవేత్తలు కోట్లు పట్టుకుని ఎదురుచూస్తున్నారని కథ. సీమలో ‘రైస్ పుల్లింగ్’ కేసులు పోలీసులకు కొత్త కాదు. కంపెనీ ఇలాంటి రామనాణెం కొట్టనే లేదు, ఇవన్నీ గుళ్ల దగ్గరా తిరునాళ్లలోనూ అమ్మే బిళ్లల బాపతు. కంపెనీకి దేవుళ్లంటే పడదని కాదు. మద్రాసులో వేంకటేశ్వరుణ్ణి ఇద్దరు దేవేరులతో బంగారు వరహా మీద ముద్రించి, ‘మూడు స్వాముల వరహా’గా చెలామణీ చేసుకుంది. వ్యాపారి కదా. అసలైన రాముడి నాణెం కావాలంటే పెనుకొండ వైపే చూడాలి. 1565లో తళ్లికోట యుద్ధం ముగిశాక విజయనగరం వదిలి పెనుకొండ చేరిన తిరుమలరాయలు సీతారాములు కూర్చుని, లక్ష్మణుడు పక్కన నిలబడిన బంగారు నాణేలు వేయించాడు. ఆ రాజ్యానిది బంగారు నాణేల సంప్రదాయం, వెండివి బహు అరుదు. కాబట్టి ‘రాయలవారి వెండి రూపాయలు’ అంటూ సంచీ నిండా తెచ్చినవాడికి టీ ఇప్పించి పంపండి. కోట గోడ కింద తవ్వితే దొరికాయని కూడా అన్నాడంటే టీ కూడా వద్దు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో పది రూపాయల విలువ దాటింది ఏది దొరికినా కలెక్టరుకు చెప్పాలి.

మరి ధర దేన్నిబట్టి? ఇంకా ఎన్ని మిగిలాయి, ఎంత చక్కగా మిగిలాయి అన్నదాన్ని బట్టి. 1918లో అమెరికా తన ఖజానాలోని వెండి 20 కోట్ల ఔన్సుల దాకా ఇండియాకు అమ్మింది. దాంతో అయిదో జార్జి రూపాయలు కోట్లకు కోట్లు కొట్టారు. నూరేళ్లు దాటినా అవి ఊరూరా ఉన్నాయి, వెండి ధరకు కాస్త పైన పలికితే సంతోషించాలి. 1911 రూపాయి మీద రాజుగారి అంగీపై ఉన్న ఏనుగు పందిలా కనిపించి గొడవైంది. జనంలోకి పోనివాటిని కరిగించి, మరుసటేడు తొండం సరిచేశారు. కథ ఎంత రసవత్తరంగా ఉన్నా బయట తిరిగినవి లక్షల్లో ఉన్నాయి, అందుకే కథ ఉన్నంత ధర లేదు. అదే 1939 రూపాయికి చెప్పుకోవడానికి కథే లేదు, కానీ బయటికి వచ్చినవి బహు కొద్ది. అందుకే వెండికి ఎన్నో రెట్లు పలుకుతుంది. అందుకే 1938లోని 8ని చెక్కి 9 చేసే కళాకారులూ ఉన్నారు.

చక్కగా మిగలడం సంగతి అడగకండి. వరలక్ష్మీ వ్రతానికి ఏటేటా చింతపండేసి తోమి తోమి రాణిగారి ముక్కూ జడా చదును చేసేశాం. పేటలో గుచ్చడానికి కొక్కెం అతికించినవి, తొలిచి తాడు కట్టినవి సరేసరి. వేలంపాటలో రికార్డు ధర పలికిన నాణెం ఎవరి చేతా తోమించుకోలేదు. దాని ఫొటో చూపించి మన నాణేనికి రేటు చెప్పడం బావలకే చెల్లింది.

ఇదంతా తెలిసినవాడొకడు ఉంటాడు. వాడు మాత్రం ఒక్క ముక్కా మాట్లాడడు. మూట విప్పి, నాణేల్ని వేళ్లతో అటూ ఇటూ దొర్లిస్తూ, “ఏం ఏరుతాంలే అన్నా, గంపగుత్తగా చెప్పు” అంటాడు. వందలో తొంభైకి న్యాయమైన వెండి ధరే కడతాడు, తక్కువేమీ కాదు. గంపగుత్త బేరంలో లాభమంతా మిగతా పదిలో ఉంటుంది. వాడు దీపం దగ్గర పెట్టి తిప్పి తిప్పి చూసిన నాణేల గురించి దిగులు వద్దు. ఒక్కసారి తేదీ చూసి, చప్పున బోర్లించి, “ఇది కూడా అందులోనే కలిపెయ్యన్నా” అన్నదాన్ని మాత్రం జేబులో వేసుకోండి.