భోజనాల బల్ల మీద కోచ్ ఫ్యాక్టరీ

కాజీపేటకు కోచ్ ఫ్యాక్టరీ వస్తుందని మా నాయిన చెప్పేవాడు. 1980లలో అది పంజాబ్‌లోని కపుర్తలాలో తేలింది. ఆ తర్వాత మనకు వ్యాగన్ల ఓవర్‌హాలింగ్ షెడ్డు అన్నారు. కాదు, వ్యాగన్లే తయారు చేస్తామన్నారు. 2023 జూలైలో ప్రధాని శంకుస్థాపన చేశారు. ఆపైన కోచ్‌లు కూడా చేస్తామన్నారు. రిటైరైనవాడికి అంత ఓపిక ఎక్కడిది? జనగామలో, మా భోజనాల బల్ల మీద, నేనే ఒకటి తెరిచాను.

ఉత్పత్తి ఒక్కటే పెట్టె. అసలు దాంట్లో 87వ వంతు ఉండే బొమ్మ ప్యాసింజర్ పెట్టె. అది ఇంజనుతో పనిలేకుండా తనంతట తానే నడవాలి, మెమూ రైల్లో మోటారు కోచ్ నడిచినట్టు. అసలు దాని బోగీల్లోనే, అంటే పెట్టె కింది చక్రాల చట్రాల్లోనే, నాలుగు ట్రాక్షన్ మోటార్లుంటాయి. వెనక పెట్టెల్ని కూడా అదే లాక్కుపోతుంది. మెమూ ఎక్కేవాళ్లెవరూ ఇంజను ఏదని వెతకరు. సీటు వెతుక్కుంటారు.

మా ఆవిడ పేచీ కూడా సీట్ల దగ్గరే మొదలైంది. మోటారు పట్టాలంటే లోపలి సీట్లు కోసెయ్యాలి.

"మనుషులు యాడ కూసుంటరు?"

అసలు మోటారు కోచ్‌లోనూ యంత్రాలకు చోటు పోయి సీట్లు తగ్గుతాయని నచ్చజెప్పాను.

"మరి ఆడోళ్ల డబ్బా?"

ఫ్యాక్టరీ యాజమాన్యం జవాబు దాటవేసింది.

తర్వాత చక్రాలు. బల్ల మీద 25 వేల వోల్టుల తీగ ఉండదు కదా, కరెంటు పట్టాల్లోంచే రావాలి: ఒక పట్టా ప్లస్సు, రెండోది మైనస్సు, మధ్య 12 వోల్టులు. ప్లాస్టిక్ చక్రాలు పనికిరావు. ఇనుపవి వేస్తే ఇరుసు రెండు పట్టాలనూ కలిపి షార్టు చేస్తుంది. అందుకని ఒకవైపు చక్రానికీ ఇరుసుకూ సంబంధం తెంచాలి. మానుకోటలో గడియారాలు బాగుచేసే ఒకాయన చక్రాన్ని కంటి అద్దంలోంచి చాలాసేపు చూసి, "సార్, దీనికి గ్యారంటీ ఇయ్య" అన్నాడు. నేను అడగలేదన్నా నమ్మలేదు. పని మాత్రం సుబ్బరంగా చేశాడు.

మోటారు తిరిగింది, చక్రాలూ తిరిగాయి, పెట్టె కదల్లేదు. శంకుస్థాపనకూ ప్రారంభోత్సవానికీ మధ్య ఉండే దశ ఇదే. పెట్టె మరీ తేలికైతే చక్రాలకు పట్టు దొరకదు. చేపల గాలాలకు కట్టే సీసం గుండ్లు తెచ్చి, మోటారున్న బోగీకి సరిగ్గా పైన పేర్చాను. ఈసారి వెనక రెండు పెట్టెలు తగిలించినా లాగింది.

ప్రారంభోత్సవానికి భూపాలపల్లి నుంచి మా బావ వచ్చాడు, సింగరేణిలో చేసి రిటైరైన మనిషి. వాళ్ల ఊళ్లో బొగ్గుంది, పక్కన చెల్పూరులో 1,100 మెగావాట్ల విద్యుత్ కేంద్రముంది, రైల్వేస్టేషన్ ఒక్కటే లేదు. బండి ఉప్పు డబ్బా దాటి, మామిడికాయ తొక్కు జాడీ దగ్గర మలుపు తిరిగి వచ్చింది. ప్లస్సు, మైనస్సు తారుమారు చేసి వెనక్కి కూడా నడిపించాను.

బావ చప్పట్లు కొట్టలేదు. తాను కూర్చున్న మూల చూపించి, "గీ పట్టాలు మా దిక్కు ఎప్పుడేస్తవురా?" అన్నాడు.

"సర్వే నడుస్తున్నది బావా."

"కరెంటేమో మాది, బండేమో మీదా?" అంటూ ప్లగ్గు పీకేశాడు.