ఫెరారీయా, లంబోర్గినియా? కొనలేనివారికి కొనుగోలు సూచనలు

జనగామ రైల్వే స్టేషన్ బయట చాయ్ బండి దగ్గర మొన్న చిన్న గొడవ జరిగింది. ఇద్దరు పెద్దమనుషులు. ఇద్దరికీ నలభై దాటాయి, ఒకాయనకు బీపీ కూడా ఉంది. ఫెరారీ 296 జీటీబీ మేలా, లంబోర్గిని హురాకాన్ ఎవో మేలా అన్నది పంచాయితీ. మాటా మాటా పెరిగింది. చివరికి ఒకాయన చాయ్ గ్లాసు ఠక్కున పెట్టి, "నువ్వు నాకు చెప్పకు, నాకన్నీ ఎరుకే" అంటూ లేచి, తన బండిని నాలుగు కిక్కులు కొట్టాడు. ఐదో కిక్కుకు అది దగ్గి స్టార్టయింది. ఆయన మలుపు తిరిగాక చాయ్ పోసే అతను రెండో ఆయన్ను అడిగాడు: "సార్, గా సారు ఏ కారు కొంటాండు?"

ఆ రెండో ఆయన నేనే. బీపీ కూడా నాదే.

నాకు ఉద్యోగం జనగామలో. నాలుగెకరాల పొలం మానుకోట పక్కన ఊళ్లో. అక్కను ఇచ్చింది భూపాలపల్లిలో, బావ సింగరేణి కార్మికుడు. మూడు జిల్లాల్లో చాయ్ తాగిన అనుభవంతో చెబుతున్నాను, స్పోర్ట్స్ కారు ఎంచడంలో మనవాళ్లను మించినవాళ్లు లేరు. నిజంగా కొనేవాడికి ఏం తెలుస్తుంది? డబ్బుంటుంది, సంతకం పెట్టి తాళాలు తీసుకుని పోతాడు. తీరిగ్గా, ఏ పక్షమూ వహించకుండా, ఏళ్ల తరబడి ఎంచాలంటే కొనే ఉద్దేశం అసలు ఉండకూడదు. ఈ విద్యలోకి కొత్తగా వస్తున్న తమ్ముళ్ల కోసం నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెబుతాను.

1. ముందు అంకెలు బట్టీ పట్టండి

ఫెరారీ 296 జీటీబీకి 3 లీటర్ల వీ6 ఇంజన్, తోడుగా ఎలక్ట్రిక్ మోటారు, రెండూ కలిపి 830 హార్స్‌పవర్. హురాకాన్ ఎవోకు 5.2 లీటర్ల వీ10, 640 హార్స్‌పవర్. సున్నా నుంచి 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి ఫెరారీకి పట్టేది 2.9 సెకన్లు. హురాకాన్‌కు 2.9 సెకన్లు.

అవును, రెండూ ఒకటే. నిరాశపడొద్దు. తేడా ఉంటే ఒక్క చాయ్‌తో తేలిపోయేది. తేడా లేదు కాబట్టే మేం మూడేళ్లుగా కొట్లాడుకోగలుగుతున్నాం.

ఇంకో సంగతి. నాలుగు లేన్ల జాతీయ రహదారి మీద కార్లకు కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ వేగం గంటకు 100. అంటే పెంబర్తి దగ్గర 163వ నంబరు రోడ్డెక్కిన 2.9 సెకన్లకు మీ సరదా చట్టప్రకారం ముగిసిపోతుంది. అక్కణ్నుంచి వరంగల్ దాకా మీరూ, మీ వెనక ఆర్టీసీ బస్సూ సమానమే.

ఎదుటివాడు 830 గుర్రాలంటూ మరీ ఎగిరిపడితే, భూపాలపల్లి పక్కన చెల్పూరు కరెంటు ప్లాంటు గుర్తుచేయండి. 500, 600 మెగావాట్ల రెండు యూనిట్లు, మొత్తం 1100. గుర్రాల్లోకి మారిస్తే దాదాపు 15 లక్షలు. ఆ పొగగొట్టాల కింద నిలబడి రోజూ టిఫిన్ బాక్సు విప్పే కార్మికులు ఎప్పుడూ గొప్పలు పోలేదు.

2. ధర చివర్లో చూడండి, వీలైతే చూడకండి

నేను చూశాను, చెడిపోయాను. 296 జీటీబీ 2022లో మన దేశానికి వచ్చినప్పుడు ఎక్స్‌షోరూమ్ ధర 5.40 కోట్లు. అదే ఏడాది మన రాష్ట్రంలో 20 లక్షలు దాటిన కార్లకు లైఫ్ ట్యాక్స్ 18 శాతం చేశారు. ఆ లెక్కన ట్యాక్స్ ఒక్కటే 97 లక్షలు.

2024 దసరాకు సింగరేణిలో లాభాల వాటా కార్మికుడికి సగటున 1.90 లక్షలు పడింది. బావా నేనూ కాగితం మీద లెక్క వేశాం. ప్రతి ఏడూ అంతే వచ్చి, అందులోంచి అక్కకు ఒక్క చీర కూడా కొనకుండా దాస్తే, కారు ధర కూడేసరికి 285 దసరాలు పడతాయి. ట్యాక్సు వేరే. బావ ఆ కాగితం కాసేపు చూసి, మడిచి జేబులో పెట్టుకుని, "అయితే ఈఎంఐల సూద్దాం తియ్" అన్నాడు.

3. రీసేల్ వాల్యూ

కొనని కారుకు ఎన్నేళ్లైనా పడిపోదు.

4. మైలేజీ

"ఎంతిస్తది?" అని అడిగినవాణ్ని వెంటనే జట్టులోంచి తీసేయండి. ఆ మాట అడిగాడంటే వాడు ఏదో ఒక కారు నిజంగానే కొనబోతున్నాడు.

5. చరిత్ర తెలుసుకోండి, వాదనలో పనికొస్తుంది

లంబోర్గిని వంశం ట్రాక్టర్లది. ఫెరూచో లంబోర్గిని రైతు బిడ్డ. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక సైన్యం వదిలేసిన యంత్రాల సామానుతో ట్రాక్టర్లు కట్టడం మొదలుపెట్టి, 1948లో కంపెనీ తెరిచాడు. బాగా సంపాదించి ఫెరారీ కొన్నాడు. దాని క్లచ్ ఊరికే పోతుంటే తిక్కరేగి ఎంజో ఫెరారీ దగ్గరికి వెళ్లాడని, "ట్రాక్టరు తోలుకునేవాడివి, నీకు ఫెరారీ ఏం తెలుసు" అన్న అర్థంలో ఆయన తీసిపారేశాడని చెప్పుకుంటారు. ఆ మాట పడలేక 1963లో సొంతంగా కార్ల కంపెనీ పెట్టాడట. ఎంత నిజమో గానీ, ట్రాక్టరు మీద కూర్చుని మాట పడ్డవాడికి ఈ కథ వేరే రుజువు అక్కర్లేదు. మా ఊళ్లో 45 హార్స్‌పవర్ ట్రాక్టరుకు ఇనుప చక్రాలు తొడిగి దమ్ము చేసే కుర్రాడు ఇది విన్న రోజునుంచి హురాకాన్ పక్షం. ఎన్ని అంకెలు చూపినా కదలడు.

బొమ్మల సంగతి కూడా తెలిసి ఉండాలి. ఫెరారీ గుర్రం మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన ఫ్రాంచెస్కో బరాకా అనే ఇటలీ పైలట్ విమానం మీది బొమ్మ. లంబోర్గిని ఎద్దు ఫెరూచో రాశి నుంచి వచ్చింది. ఆయన పుట్టింది 1916 ఏప్రిల్ 28, అక్కడివాళ్ల లెక్కలో వృషభం. మన పంచాంగం ప్రకారం ఆ రోజుల్లో సూర్యుడు ఇంకా మేషంలోనే ఉంటాడు. మా ఊరి పంతులుగారిని ఒక్కమాట అడిగి ఉంటే ఆ కోట్ల రూపాయల కారు ముందు పొట్టేలు బొమ్మ ఉండేది. జాతరకు తోలుకుపోవడానికి ఇంకా బాగుండేది.

6. మనసులోనే టెస్ట్ డ్రైవ్ చేయండి

రూటు నేను చెబుతాను. జనగామలో ఎక్కి పాలకుర్తి, తొర్రూరు మీదుగా మానుకోట. అక్కణ్నుంచి నర్సంపేట, పరకాల మీదుగా భూపాలపల్లి. ఈ రెండు కార్లూ నేలకు జానెడు ఎత్తు కూడా ఉండవు. మూతిని కొన్ని సెంటీమీటర్లు పైకి లేపుకునే ఏర్పాటు ఉంది. మన స్పీడ్ బ్రేకర్లు సర్పంచుల పట్టుదలను బట్టి లేస్తాయి.

వానాకాలం కోతలప్పుడు బయల్దేరారనుకోండి. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. అంచున రాళ్లు వరసగా పేర్చి ఉంటాయి. ఒక ముసలమ్మ కొంగు తలమీద కప్పుకుని, అరికాళ్లు నేలకు రాస్తూ వడ్లలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తుంటుంది. ఆమె నడిచినచోటల్లా సాళ్లు పడి కిందివి పైకొస్తాయి. వెనక 640 గుర్రాలు సకిలిస్తున్నా ఆమె తిరిగి చూడదు. ఆ సాలు పూర్తయ్యాకే జరుగుతుంది. సున్నా నుంచి 100కి 2.9 సెకన్లు సరే, 100 నుంచి ముసలమ్మ దాకా ఎంతసేపు పడుతుందో ఏ కంపెనీ రాయలేదు.

7. రంగు

ఫెరారీ అయితే ఎరుపు, లంబోర్గిని అయితే పసుపు. భూపాలపల్లి చేరేసరికి బొగ్గు టిప్పర్ల వెనక రెండూ ఒకే రంగు.

8. నంబరు

జనగామ 27, మానుకోట 26, భూపాలపల్లి 25. ముందు టీజీ. ఫ్యాన్సీ నంబరు మీద మాత్రం ఆశపెట్టుకోకండి. 2024 ఆగస్టులో హైదరాబాద్‌లో ఒక 9999 వేలంలో 25.50 లక్షలు పలికింది. మేం వెతుకుతున్న సెకండ్ హ్యాండ్ కార్లు ఏడెనిమిది వస్తాయి ఆ డబ్బుకు. నంబరు ప్లేట్లు ఉచితం.

9. ఒకదాన్ని వద్దనడం నేర్చుకోండి

అన్నిటికన్నా ముఖ్యం ఇదే. మేం ఎందుకిలా కొట్లాడుకుంటామో నాకు చాలాకాలం అర్థం కాలేదు. పోయిన సీజన్లో మిర్చి యార్డులో అర్థమైంది.

పొద్దున జెండా పాట ధర విని ప్రాణం లేచొచ్చింది. మాది తేజ రకం, కల్లంలో పదిహేను రోజులు ఆరబెట్టి, ఇంటిల్లిపాదీ కూర్చుని తాలు ఏరాం. ఖరీదుదారు వచ్చాడు. తెల్ల చొక్కా, చంకలో చిన్న సంచి. బస్తా కుట్టు విప్పించి, మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు నుంచి పిడికెడు తీశాడు. రెండు కాయలు చెవి దగ్గర పెట్టి విరిచాడు. గింజ చూశాడు. మిగతావి నేలమీద వదిలేసి, మా వైపు చూడకుండానే, "తాలు కల్సింది, తేమ ఉంది" అన్నాడు. జెండా పాట కంటే చాలా తక్కువ చెప్పి, పక్క రాశి దగ్గరికి నడిచాడు. మొత్తం కలిపి ఒక నిమిషం. మా ఆరు నెలల పని మీద తీర్పు. ఆ నేలమీద పడ్డ కాయలను మా చిన్నమ్మ వంగి ఏరి మళ్లీ బస్తాలో వేసింది.

అమ్మేశాం. వెనక్కి తీసుకుపోతే కిరాయి ఎవరిస్తారు?

తిరిగొచ్చేటప్పుడు ట్రాలీ ఆటోలో ఖాళీ పట్టాల మీద నేనూ మా ఊరి కుర్రాళ్లిద్దరూ. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఊరి పొలిమేర దగ్గర ఒకడు ఫోను తీసి, "అన్నా, గీ హురాకాన్ ఎట్లుంటదంటవ్?" అన్నాడు. నేను బొమ్మ చూశాను. వేలితో పెద్దది చేశాను. వెనక అద్దం చూశాను, చక్రం చూశాను. ఫోను తిరిగి ఇచ్చేస్తూ, అతని వైపు చూడకుండానే, "బాగలేదు, వద్దు" అన్నాను.

అప్పుడు తెలిసింది ఆ రుచి. విత్తనం కంపెనీ ఏది ఇస్తే అది వేస్తాం. యూరియా వచ్చినప్పుడే కొంటాం, రాకపోతే లైన్లో చెప్పులు పెట్టి కూర్చుంటాం. ధర వాళ్లు చెబుతారు. పుట్టిన దగ్గర్నుంచీ ఎవరో ఒకరు మా బస్తా కుట్టు విప్పి చూస్తున్నారు. రోజులో ఓ అరగంట, చాయ్ తాగుతూ, మేమే తెల్ల చొక్కా ఖరీదుదార్లం. కోట్ల రూపాయల కారులో చెయ్యి పెట్టి, పిడికెడు తీసి, విరిచి, తాలు అని పక్కన పడేస్తాం.

కాబట్టి తమ్ముళ్లారా, రెండిట్లో ఏది తీసుకోవాలన్నది ప్రశ్నే కాదు. ఏది వద్దనాలో చూసుకోండి.

10. ఇంట్లో చెప్పకండి

నేను పదిహేను గళ్ల పట్టిక గీసుకుని ఇంటికి తెచ్చాను. మా ఆవిడ పప్పు తాలింపు పెడుతూ ఒక్కటే అడిగింది: "అండ్ల ఎంతమంది పడ్తరు?"

"ఇద్దరు."

"మనం ఐదుగురం."

నా దగ్గర దానికి గడి లేదు. పట్టికను ఆమె గూట్లో కాగితంలా పరిచింది. ఇప్పుడు దానిమీద ఉప్పు డబ్బా ఉంది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. "గా పాత కారు సంగతేమాయె?" అని కూడా అడిగింది. తెలిసినాయన ఐదు సీట్ల పాత కారు ఒకటి మా బడ్జెట్లోనే ఇస్తానన్నాడు. దానికీ మరోదానికీ మధ్య తేల్చుకోలేక నెలన్నర నానబెట్టాను. అది ఎప్పుడో అమ్ముడైపోయిందని ఆమెకు ఇంకా చెప్పలేదు. ఫెరారీని వద్దనడం నిమిషం పని. పాత కారుకు సరే అనాలంటే మాత్రం చేతులు వణికాయి. అది నిజంగా ఇంటి ముందు వచ్చి నిలబడుతుంది మరి. క్లచ్ పోతే నన్నే అడుగుతారు.

11. నిర్ణయానికి కట్టుబడి ఉండండి

మూడేళ్ల వాదన తర్వాత, గొడవపడి వెళ్లినాయన నిన్న మళ్లీ చాయ్ బండి దగ్గరికి వచ్చాడు. ఇద్దరం రాజీకొచ్చాం. ఫెరారీకే ఓటు. చాయ్ డబ్బులు ఆయనే ఇచ్చాడు.

రాత్రి భూపాలపల్లి నుంచి బావ ఫోను. "హురాకాన్ ఎప్పుడో బంద్ జేసిన్రట గదా. దాని జాగల తెమెరారియో అని 2024లనే సూపెట్టిన్రట. 920 హార్స్‌పవర్. వందకు 2.7 సెకన్లేనట."

ఇంత తర్జనభర్జన చేసి తేల్చిన లెక్కను 0.2 సెకన్లు కొట్టేశాయి. "రేపు జనగామకు రా బావా, చాయ్ తాగుకుంట మాట్లాడుదాం" అన్నాను. వంటింట్లోంచి గూట్లో డబ్బా జరిపిన చప్పుడైంది.