ఓడండి, బహుమతి పట్టుకెళ్లండి!

వరసగా 28 మ్యాచ్‌లు ఓడిపోవడం ఆషామాషీ వ్యవహారం కాదు. ఎంత ఒళ్లు దగ్గర పెట్టుకున్నా ఏదో ఒక రోజు ఖర్మ కాలి గెలిచేస్తాం. అలాంటి అపశ్రుతి లేకుండా 2015 మార్చి చివర్నుంచి నవంబరు ముగిసేదాకా నెట్టుకొచ్చిన ఘనులు అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏలోని ఫిలడెల్ఫియా సెవెంటీసిక్సర్స్ వారు. అమెరికాలోని నాలుగు పెద్ద లీగుల్లో అప్పటిదాకా అంత పొడవైన ఓటముల వరస లేదు. అంతకుముందున్న 26 ఓటముల రికార్డులోనూ వీరికి వాటా ఉంది. తమ రికార్డును తామే బద్దలుకొట్టుకోవడమంటే ఇదీ!

2015 డిసెంబరు 1న మాత్రం పరువు తీసుకున్నారు. పుట్టినూరిలో ఆఖరి మ్యాచ్ ఆడటానికి వచ్చిన కోబీ బ్రయంట్ జట్టు లేకర్స్‌ను 103-91తో ఓడించి కూర్చున్నారు. వెంటనే తేరుకుని మళ్లీ ఓటముల బాట పట్టారు. సీజన్ మొత్తానికి ఆ ఒక్క గెలుపే ఖాతాలో ఉన్న రోజుల్లో కోచ్ బ్రెట్ బ్రౌన్‌కు కాంట్రాక్టు పొడిగించారు. అప్పగించిన పని అంత నిష్ఠగా చేసేవాణ్ణి ఎవరు వదులుకుంటారు? 2015-16 సీజన్ చివరికి లెక్క తేలింది: 10 గెలుపులు, 72 ఓటములు.

పాపం, వాళ్లను ఆడిపోసుకోకండి. క్లాసులో ఆఖరున నిలిచినవాడికే స్కాలర్‌షిప్ అని లీగే రాసిపెట్టింది. అప్పట్లో కొత్త ఆటగాళ్లను పంచుకునే డ్రాఫ్ట్ లాటరీలో అట్టడుగు జట్టుకు మొదటి ఆటగాణ్ణి ఎంచుకునే అవకాశం 25 శాతం ఉండేది. ఎంత దరిద్రం పట్టినా నాలుగో స్థానం కిందికి దిగేది కాదు. ఈ సూత్రాన్ని ఔపోసన పట్టినవాడు మేనేజర్ శామ్ హింకీ. 2013లో వస్తూనే స్టార్ ఆటగాడు జ్రూ హాలిడేను పంపించేసి, మోకాలు దెబ్బతిన్న నెర్లెన్స్ నోయెల్‌ను తెచ్చుకున్నాడు. మరుసటేడు పాదం విరిగిన జోయెల్ ఎంబీడ్‌ను ఎంచుకున్నాడు. ఆడలేనివాణ్ణి తెచ్చుకుంటే గెలుస్తామన్న బెంగే ఉండదు కదా! మైకేల్ కార్టర్-విలియమ్స్ ఉత్తమ కొత్త ఆటగాడిగా అవార్డు తెచ్చుకుంటే, ఏడాది తిరక్కుండానే సాగనంపాడు. ప్రతిభను మొగ్గలోనే తుంచకపోతే రేపు గెలుపులు కాస్తే దిక్కెవరు?

ఈ మహాయజ్ఞానికి ‘ప్రాసెస్’ అని పేరు. దాన్ని నమ్మండని స్టేడియంలో జనమే నినాదాలిచ్చారు. లాటరీని సంస్కరిద్దామని 2014 అక్టోబరులో లీగు యజమానులు ఓటింగు పెడితే, 23 ఓట్లు కావాల్సినచోట 17 పడ్డాయి. రేపు తామూ అడుగుకు జారితే ఆ పరుపు మెత్తగా ఉండాలనుకున్నవారు 13 మంది.

హింకీ ఫలితం చూడకుండానే 2016 ఏప్రిల్‌లో 13 పేజీల రాజీనామా లేఖ రాసి వెళ్లిపోయాడు. గెలిచిన మ్యాచ్‌కు పేజీ చొప్పున రాసినా మూడు పేజీలు మిగిలాయి. అప్పటికే పెత్తనానికి వచ్చిన జెరీ కొలాంజెలో సాక్షిగా ఆ కుర్చీలో ఆయన కొడుకు బ్రయాన్ కూర్చున్నాడు. ఈ ఒక్క విషయంలో అమెరికా మనకు పరాయి దేశంలా అనిపించదు.

ఆ మరుసటి నెలలోనే జట్టుకు రెండు పండగలు. లాటరీలో మొదటి నంబరు తగిలింది. ఎన్‌బీఏలో జెర్సీ మీద ప్రకటన అమ్ముకున్న తొలి జట్టుగానూ నిలిచింది. కొన్నది టికెట్లు తిరిగి అమ్ముకునే కంపెనీ స్టబ్‌హబ్. ఇంతకన్నా అతికే ప్రకటన దొరకదు. ఆ జట్టు మ్యాచ్‌కు టికెట్ కొన్నవాడికి ముందుగా కావాల్సింది దాన్ని వదిలించుకునే చోటే.

మరి ప్రాసెస్ ఏం పండింది? 2018, 2023 మధ్య జట్టు ఐదుసార్లు ప్లేఆఫ్స్ రెండో రౌండుకు చేరి, ఐదుసార్లూ అక్కడే ఆగిపోయింది. మొదటి నంబరుతో తెచ్చుకున్న బెన్ సిమన్స్, 2021లో అట్లాంటాతో ఏడో మ్యాచ్‌లో బుట్ట కిందికి వచ్చి కూడా బంతి వేయకుండా పక్కవాడికి అందించాడు. ఓటమి నేర్పిన చదువు అంత తొందరగా మరుపుకు రాదు మరి.

లీగుకూ చివరికి సిగ్గేసింది. 2019 నుంచి అట్టడుగు మూడు జట్లకూ సమానంగా 14 శాతం అవకాశమిచ్చింది. అంటే ఇక అందరికన్నా ఘోరంగా ఓడనక్కర్లేదు, ఓ మోస్తరు ఘోరం చాలు. యజమానికి జట్టు విలువ పెరిగింది, మేనేజర్‌కు పేరొచ్చింది, ఆటగాడికి జీతమొచ్చింది. డబ్బులిచ్చి మరీ ఓడిపోయినవాడు ప్రేక్షకుడొక్కడే. వాడి కోసం మాత్రం ఏ లాటరీ పెట్టలేదు.