రొస్సీనికి రెండు రైళ్లు

చచ్చి నూరేళ్లు దాటిన సంగీతకారుడంత మంచి ఉద్యోగి హాలీవుడ్‌కు మరొకడు దొరకడు. జీతం అడగడు, గడువు తప్పడు, రికార్డింగు గదిలోకి వచ్చి 'ఇదేం పనయ్యా' అని నిలదీయడు. పైగా అతని బాణీని వాడుకోవడానికి మర్యాదైన పేరొకటి ఉండనే ఉంది: నివాళి. 2013లో డిస్నీవారు గోర్ వెర్బిన్‌స్కీ దర్శకత్వంలో 'ది లోన్ రేంజర్' అనే కౌబాయ్ సినిమా తీసి, క్లైమాక్సు మొత్తాన్నీ అలాంటి నివాళి మీద నడిపించారు. నివాళి అందుకున్నవాడు 1868లో కన్నుమూసిన ఇటలీ సంగీతకారుడు జొవాకీనో రొస్సీని. వాడుకున్నది అతని 'విలియం టెల్' ఆపెరా ఓవర్చర్‌లో, అంటే ఆరంభ సంగీతంలో, ఆఖరి భాగం. గుర్రం దౌడు తీస్తున్నట్టు టకటకా పరుగెత్తే ఆ బాణీ పేరు తెలియని కోట్లమందికి కూడా వినగానే గుర్తొస్తుంది. హన్స్ జిమ్మర్ సంగీత బృందం, అందులోనూ ముఖ్యంగా ఈ ముక్కను మలిచిన జెఫ్ జనెల్లీ, మూడు నాలుగు నిమిషాల సరుకును దాదాపు పది నిమిషాలకు సాగదీసి, పక్కపక్కన పరుగెత్తే రెండు రైళ్ల మీద పరిచారు. పాత కృతిని నేటి తెరకు తగ్గట్టు పెంచి కొత్త తరానికి అందించారని ఇలాంటి పనులను మెచ్చుకునేవారి వాదన. పెంచిన మాట నిజమే. ఏం పెంచారో చూడాలి.

ముందు అసలు సరుకు సంగతి. 1829 ఆగస్టు 3న పారిస్‌లో తొలిసారి ఆడిన 'విలియం టెల్' రొస్సీని ఆఖరి ఆపెరా. అప్పటికి అతనికి 37 ఏళ్లు; ఆ తర్వాత దాదాపు నలభై ఏళ్లు బతికి కూడా ఇంకో ఆపెరా జోలికి పోలేదు. కథ షిల్లర్ 1804 నాటి నాటకం నుంచి తీసుకున్నది: ఆస్ట్రియా ఏలుబడిలో నలిగిన స్విస్ జనం తిరగబడతారు, కొడుకు తలమీది యాపిల్‌ను బాణంతో కొట్టమని గవర్నరు చేత ఆజ్ఞ పొందిన టెల్ చివరికి ఆ గవర్నరునే కొడతాడు. ఓవర్చర్ సుమారు పన్నెండు నిమిషాలు, నాలుగు భాగాలు. ఐదు చెల్లోలతో తెల్లవారుతుంది. తుపాను వచ్చి పోతుంది. వాన వెలిశాక పశులకాపరి పాట ఇంగ్లిష్ హార్న్ మీద వినిపిస్తుంటే ఫ్లూట్ దాని చుట్టూ తీగలా పాకుతుంది. ఆ ప్రశాంతి మీద ట్రంపెట్లు ఉన్నట్టుండి పడతాయి. ఆ వెంటనే వచ్చే దౌడు బాణీ అసలు సంగీతంలో మొదలయ్యేది గట్టిగా కాదు, చాలా మెల్లగా. వయొలిన్ల మీద విల్లు ఎగిరెగిరి పడుతూ, ఎక్కడో కనుచూపు అంచున గుంపు కదిలినట్టు వినిపిస్తుంది. దగ్గరైనకొద్దీ వాద్యాలు చేరతాయి, చేరి విరుచుకుపడతాయి. మరీ చప్పుడు చేస్తాడని రొస్సీనిని అతని కాలంలోనే వెక్కిరించారు. అంతటి చప్పుళ్లవాడికి కూడా చప్పుడు ఎక్కడ దాచాలో తెలుసు.

సినిమా రూపంలో మొదట పోయింది ఆ దాపరికమే. చెల్లోలు లేవు, తుపాను లేదు, కాపరి పాట లేదు. వాటి తర్వాత వచ్చినందువల్లే బాణీకి దక్కిన ఆశ్చర్యమూ లేదు. బాణీ కింద డ్రమ్ములు చేరాయి, ఇత్తడి వాద్యాల బరువు చేరింది, సాగదీసిన చోట అతుకులు కనబడకుండా సినిమా సొంత బాణీలు మధ్యమధ్య దూరాయి. తెర మీద రేంజర్ తన తెల్లగుర్రం సిల్వర్‌ను కదిలే రైలు పెట్టెల పైకప్పు మీద పరుగెత్తిస్తాడు, పెట్టెల లోపలి నుంచి కూడా పరుగెత్తిస్తాడు. గుర్రం పరుగు, రైలు పరుగు, రెండో రైలు పరుగు, వాటన్నిటికీ డ్రమ్ముల పరుగు. పులిహోరలో పోపు ఘుమఘుమలాడుతోందని అన్నం తగ్గించి పోపే పళ్లెం నిండా వడ్డించినట్టుంది వ్యవహారం. ఆకలి మీదున్నవాడు ఆ మొదటి ముద్దకు మెచ్చుకోవచ్చు. నిజంగానే మెచ్చుకున్నారు, రెండున్నర గంటల సినిమాలో ఆ ఆఖరి రైళ్ల పోరాటమే బాగుందని రాసిన విమర్శకులు తక్కువేం కాదు. అంటే, అంత డబ్బు, అంతమంది తారలు, అన్ని గుర్రాలు చేయలేని పనిని, పోయి 145 ఏళ్లయిన మనిషి వచ్చి చేసి పెట్టాడన్నమాట. దీన్ని సినిమా విజయంగా చెప్పుకోవడానికి కాస్త గుండె ధైర్యం కావాలి.

ఇక్కడ మొదటి ఆక్షేపణ లేస్తుంది: ఆ బాణీ ఎనభై ఏళ్లుగా కౌబాయ్ సొత్తేగా, ఇప్పుడు కొత్తగా మైలపడిందేముంది? ఆక్షేపణ సబబైనదే. 1933 జనవరిలో డెట్రాయిట్‌లోని డబ్ల్యూఎక్స్‌వైజడ్ రేడియోలో 'లోన్ రేంజర్' నాటకం మొదలైన నాటి నుంచీ ఈ బాణీయే దాని గంట. 1949 నుంచి 1957 దాకా టీవీలోనూ అదే. అమెరికాలో ఒక పాత జోకు కూడా ఉంది: ఈ ఓవర్చర్ విని లోన్ రేంజర్ గుర్తుకురానివాడే అసలైన మేధావి అని. కాబట్టి రొస్సీని గుడిలోకి చెప్పులతో వచ్చారన్న ఏడుపు మనకు అక్కర్లేదు. ఆపెరాలో అశ్వదళం దాడి అన్నదే లేకపోయినా, బాణీలో గుర్రం ఉందని పట్టుకున్న రేడియోవాళ్ల చెవికి దండం పెట్టాలి. అయితే వాళ్లు చేసినదేమిటో కూడా గుర్తుంచుకోవాలి. హక్కుల గొడవ లేని సంగీతం కావాలనుకున్నారు, వాడుకున్నారు. ఉన్నది ఉన్నట్టుగా, కాసేపు. గుర్రం వచ్చింది, మనిషి దిగాడు, కథ మొదలైంది. కొత్త తరానికి శాస్త్రీయ సంగీతం అందిస్తున్నామని ఏ ఒక్కరూ ఉపన్యాసం ఇవ్వలేదు. అయినా మూడు తరాల అమెరికన్ పిల్లలకు రొస్సీని అందనే అందాడు.

రెండో ఆక్షేపణ ఇంకా గట్టిది: పాత కృతిని మళ్లీ మలచడం తప్పయితే సంగీత చరిత్రలో సగం తప్పుల తడకే. శంకరాభరణం శంకరశాస్త్రిగారిని పీఠం మీద కూర్చోబెట్టి తీర్పు చెప్పించినా ఈ వాదన ముందు ఆయన కూడా తడబడాల్సిందే. ఇదే ఓవర్చర్‌ను సంగీతకారుడు లిస్ట్ పియానోకు దించాడు. ఆర్కెస్ట్రా మొత్తం చేసే పని పది వేళ్లు ఎలా చేస్తాయన్నదే అక్కడి ఉత్కంఠ. 1971లో షోస్టకోవిచ్ తన 15వ సింఫనీ మొదటి భాగంలో ఈ దౌడును ఇత్తడి వాద్యాలతో నాలుగు ముక్కలు పలికించి ఊరుకున్నాడు. ఎందుకు పెట్టాడా అని పండితులు ఇప్పటికీ తల గోక్కుంటున్నారు. అదే ఏడాది కూబ్రిక్ 'ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్'లో వెండీ కార్లోస్ సింథసైజర్ మీద దీన్ని వెర్రి వేగంతో పరుగెత్తించి, తెర మీది మనుషులను కీలుబొమ్మల్లా చూపడానికి తోడ్పడింది. (అదే ఏడాది మనవాళ్లు 'మోసగాళ్లకు మోసగాడు' తీసి కృష్ణను గుర్రమెక్కించారు, అది వేరే కథ.) ఇక రొస్సీని సంగతా? 'సెవిల్ మంగలి' ఆపెరాకు ఇప్పుడు మనం వినే ఓవర్చర్‌ను అతను అంతకుముందే వేరే రెండు ఆపెరాలకు వాడేశాడు. మన కీరవాణి 'ఘరానా మొగుడు'లోని తన బంగారు కోడిపెట్ట పాటను 2009లో 'మగధీర'లో మళ్లీ ఆడించినట్టే. కాకపోతే అక్కడ దాన్ని రీమిక్స్ అనే పిలిచారు. కొడుకు ఆడాడు, తండ్రి కూడా తెర మీదికొచ్చాడు, హాల్లో ఈలలు మోగాయి, లెక్క సరిపోయింది. ఈ వరుసలో ఎవరు చేసినా ఒక ఎంపిక కనబడుతుంది: ఒకరు తగ్గించారు, ఒకరు విరిచారు, ఒకరు వికటింపజేశారు. లావు చేయడం ఒక్కటే ఎంపిక కిందికి రాదు. దానికి చెవి అక్కర్లేదు, ఇంకొన్ని డ్రమ్ములు చాలు.

అసలు వెస్ట్రన్ సినిమాలోనే ఈ పని ఎలా చేయాలో చేసి చూపించినవాడున్నాడు. 1966లో సెర్జియో సోలీమా తీసిన 'లా రెసా దెయ్ కాంతి' (అమెరికాలో 'ది బిగ్ గన్‌డౌన్'గా ఆడింది) సినిమాకు ఎన్నియో మొరికోనే తీసుకున్నది బీథోవెన్ 'ఫ్యూర్ ఎలీజ్'. పియానో నేర్చుకునే ప్రతి పిల్లా వాయించి వాయించి ఇంటిల్లిపాదికీ విసుగెత్తించే ముక్క అది. తుపాకుల పోరుకు ఇంతకన్నా పనికిరాని సంగీతం ఉండదనిపిస్తుంది. కథలో ఒక ఆస్ట్రియా బారన్ ఉన్నాడు. మర్యాదస్తుడు, తుపాకీ తీయడంలో దిట్ట. ఎడారిలో కూడా తన దేశపు పియానో సంస్కారాన్ని వెంటేసుకు తిరిగే మనిషికి ఆ ముక్క సరిగ్గా అతుకుతుంది. మొరికోనే దాని వేగం పెంచలేదు, ఆపాడు. పియానో పలికిన స్వరాల పక్కకు గిటారు వచ్చి నిలబడుతుంది. సున్నితమైన గృహసంగీతం కాస్తా లెక్క తేల్చుకునే ఘడియగా మారుతుంది. 2009లో టరంటినో 'ఇన్‌గ్లోరియస్ బాస్టర్డ్స్' మొదటి ఘట్టానికి ఆ సంగీతాన్నే అరువు తెచ్చుకున్నాడు. అక్కడ కూడా వస్తున్నవాడు మర్యాదస్తుడే, చావు మోసుకొస్తున్నవాడే. మొరికోనే తీసుకున్న ముక్క పాత్రను చెప్పింది. లోన్ రేంజర్ తీసుకున్న ముక్క ఏం చెప్పిందయ్యా అంటే, 'ఇది లోన్ రేంజర్ సినిమా' అని చెప్పింది. అది టికెట్టు మీద ముందే అచ్చయి ఉంది.

మూడో ఆక్షేపణ వృత్తిపరమైనది: దర్శకుడు పది నిమిషాల పోరాటం తీశాడు, సంగీతం కూడా పది నిమిషాలు ఉండక తప్పదు కదా, పాపం సంగీతదర్శకుడేం చేస్తాడు? సానుభూతి చూపాల్సిందే. కానీ దీనికి జవాబు డిస్నీ వారి బీరువాలోనే ఉంది. 1935లో వాళ్లు 'ది బ్యాండ్ కాన్సర్ట్' అని మికీ మౌస్ తొలి రంగుల కార్టూన్ తీశారు. తొమ్మిది నిమిషాలు. పార్కులో మికీ బ్యాండు వాయించేది ఇదే విలియం టెల్. డోనాల్డ్ డక్ మధ్యలో పిల్లనగ్రోవి పట్టుకొచ్చి పల్లెపాట ఊది చెడగొడుతుంటాడు. బ్యాండు తుపాను భాగానికి రాగానే నిజంగానే సుడిగాలి లేస్తుంది. వాద్యాలు, వాద్యగాళ్లు, మికీ అందరూ గాలిలో గిరికీలు కొడుతూ వాయించడం మాత్రం ఆపరు. అక్కడ సంగీతాన్ని కథకు తగ్గట్టు సాగదీయలేదు, కథే సంగీతం వెంట కదిలింది. అందుకే తుపాను భాగానికి కూడా పని దొరికింది. ఒకే సంస్థ, ఒకే ఓవర్చర్, మధ్యలో 78 ఏళ్లు. అప్పుడు ఎలుక చదవగలిగిన సంగీతాన్ని ఇప్పుడు స్టూడియో చదవలేకపోయిందంటే లోపం నిడివిది కాదు.

ఇదంతా సంగీతం తూకాల లెక్క. అసలు ఎబ్బెట్టు ఇంకోచోట ఉంది. ఓవర్చర్ ఆఖరి భాగాన్ని 'స్విస్ సైనికుల కవాతు' అంటారు. తమ నేలను పరాయి దొర నుంచి విడిపించుకున్న జనం సంబరం అది. సినిమాలో నేల ఎవరిది? కొమాంచీ ఆదివాసులది. వాళ్ల మీదికి రైలు మార్గం వస్తుంది, వెండి కోసం కక్కుర్తిపడ్డ పెద్దమనుషులు వస్తారు, సైన్యం వస్తుంది. తిరగబడి ఎదురొచ్చిన కొమాంచీ వీరులను సైనికులు గాట్లింగ్ తుపాకులతో కోసేస్తారు. ఆ శవాలు ఇంకా చల్లారకముందే గుర్రం చెట్టెక్కి కూర్చున్న హాస్యం వస్తుంది, ఆపైన క్లైమాక్సులో విమోచన గీతం మోగుతుంది. ఎవరి విమోచన? మిగిలింది రేంజర్ తోడుగా తిరిగే కొమాంచీ టోంటో; ఆ పాత్ర వేసిన జానీ డెప్ ముఖానికి తెల్లరంగు, తలమీద చచ్చిన కాకి. రొస్సీని ఆపెరాలో ఆ సంబరానికి అర్హులెవరో వాళ్లను సినిమాలో అప్పటికే చంపేశారు. నిజంగా పాత కృతిని మళ్లీ మలచాలనుకున్నవాడికి ఇంతకన్నా బంగారంలాంటి అవకాశం దొరకదు: ఆ బాణీని ఆపేయొచ్చు, విరగ్గొట్టొచ్చు, ట్రంపెట్ పిలిచాక ఎవరూ రాని నిశ్శబ్దాన్ని వినిపించొచ్చు. అలాంటిదేమీ లేకుండా, ఉన్నదాన్ని ఇంకాస్త గట్టిగా వాయించారు. వినోదం సినిమాకు ఇంత చూడాలా అంటారా? ఊచకోత పెట్టమని వాళ్లను ఎవరూ అడగలేదు. పెట్టింది వాళ్లే.

ఆఖరున ఆస్తి లెక్క కూడా చెప్పుకోవాలి. రొస్సీని రాసినది ప్రపంచం సొత్తు. డిస్నీకి రూపాయి ఖర్చు లేకుండా దొరికింది, దొరకాల్సిందే, అందులో తప్పు లేదు. కానీ తన మికీ వంతు వచ్చేసరికి ఇదే సంస్థ 1998లో అమెరికా కాపీరైట్ గడువును ఇంకో ఇరవై ఏళ్లు పొడిగించాలని గట్టిగా కోరిన వాళ్లలో ముందుంది. ఆ చట్టాన్ని జనం మికీ మౌస్ చట్టమనే పిలిచారు. 1928 నాటి ఆ మొదటి మికీ లోకానికి దక్కడానికి 2024 జనవరి 1 దాకా ఆగాల్సి వచ్చింది. పెద్దల తోటలో పళ్లు కోసుకుంటూ సొంత దొడ్డికి ముళ్లకంచె వేసుకునే ఈ పద్ధతిని నివాళి అనాలంటే నోరు రావడం లేదు. 2013 ఆగస్టులో డిస్నీ స్వయంగా చెప్పిన అంచనా ప్రకారం 'ది లోన్ రేంజర్' తెచ్చిన నష్టం 16 నుంచి 19 కోట్ల డాలర్లు. అందులో రొస్సీని పారితోషికం పద్దు సున్నా.