ఉంగరానికి గీటురాయి, క్వార్టర్‌కు అగ్గిపుల్ల

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో నాలుగు గ్రాముల పాత ఉంగరం అమ్మబోండి. రాయి మీద గీస్తారు. మిషన్లో పెడతారు. టచ్ ఎంతో చెప్పాకే బేరం. కొత్త నగైతే 2023 ఏప్రిల్ నుంచి ఆరక్షరాల హెచ్‌యూఐడీ ఉండాల్సిందే. వేలికి తొడిగేదానికి ఇంత హంగామా. మరి గొంతులో పోసుకునేదానికి?

ఆ వీధి దాటి మందు షాపు దగ్గర నిలబడి చూడండి. క్వార్టర్ కొన్నవాడి ల్యాబు వాడి అరచేతిలోనే ఉంది. బాటిల్ తలకిందులు చేసి ఊపుతాడు. బుడగలు ఎంతసేపు నిలుస్తాయో చూస్తాడు. రెండు చుక్కలు చేతిలో రుద్ది వాసన పీలుస్తాడు. ఇంకా అనుమానమా? మూతలో పోసి అగ్గిపుల్ల గీస్తాడు. నీలం మంట లేచిందా, ‘ఒరిజినలే ప్పా!’ అని తీర్పు చెప్పి కానిచ్చేస్తాడు.

మిథనాల్ కూడా నీలంగానే మండుతుంది సామీ! వాసనా ఇంచుమించు అంతే. లోపలికి పోయాక కాలేయం దాన్ని ముందు ఫార్మాల్డిహైడ్ చేస్తుంది, ఆపైన ఫార్మిక్ ఆమ్లం. మొదట చూపు పోతుంది. తర్వాత మనిషి. దాన్ని పట్టుకునేది గ్యాస్ క్రోమటోగ్రాఫ్. శాంపిల్‌ను ఆవిరి చేసి సన్నటి గొట్టంలోకి పంపితే ఇథనాల్, మిథనాల్, ఫ్యూసెల్ ఆయిల్, ఎస్టర్లు ఒక్కోటీ విడివడి, తెర మీద ఒక్కో శిఖరంలా లేస్తాయి. ఏది ఎంతుందో అంకెల్లో తేలుతుంది. పరిమితులు లేవా అంటే అవీ ఉన్నాయి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లోనే రాసిపెట్టింది. సీసా మీద మాత్రం ఆల్కహాలు 42.8 శాతమని, ఆరోగ్యానికి హానికరమని రాస్తే చాలు. ఆ హాని ఏ మోతాదులో పోశారో కొన్నవాడికి సీసా చెప్పదు.

మరి పరీక్షల సంగతి మనకు ఎప్పుడు తెలుస్తుంది? అవతలి పార్టీ గద్దె మీద ఉన్నప్పుడు.

పులివెందుల ఎమ్మెల్యే ముఖ్యమంత్రిగా ఉన్న రోజులు గుర్తున్నాయా? దశలవారీ నిషేధం అన్నారు. 2024 నాటికి స్టార్ హోటళ్లలో తప్ప చుక్క దొరకదన్నారు. 2019 అక్టోబరులో షాపులు సర్కారే తీసుకుంది. పాత బ్రాండ్లు మాయం. బూమ్ బూమ్ బీరు, ప్రెసిడెంట్ మెడల్ ప్రత్యక్షం! 2022లో రాబోయే మద్యం ఆదాయాన్ని చూపించి బేవరేజెస్ కార్పొరేషన్ వేల కోట్ల బాండ్లు అమ్మింది. తాగుడు మాన్పిస్తామన్నవాళ్లే తాగేవాడి రేపటి జేబును తాకట్టు పెడితే దాన్ని ఏమనాలి? నిషేధం అంటారా? అదే ఏడాది జంగారెడ్డిగూడెంలో జనం వరసగా చనిపోతే, సారాయే చంపిందని అవతలివాళ్లు అంటుంటే, సహజ మరణాలని అసెంబ్లీలోనే చెప్పారు. సహజమే మరి!

అదే ఏడాది ప్రతిపక్షం చెన్నైలోని ప్రైవేటు ల్యాబుకు శాంపిళ్లు పంపింది. పైరోగాలాల్ అట, ఇంకేవో నోరు తిరగని పేర్లట. ‘విషం, విషం’ అని ఊగిపోయారు. అంతా ప్రమాణాల ప్రకారమే ఉందని అధికారులు కొట్టిపారేశారు. పైరోగాలాల్ అంటే ఏంటో పులివెందుల బస్టాండులో పెగ్గు కొట్టేవాడికి ఇద్దరిలో ఒక్కరైనా విడమరిచి చెప్పారా?

2024లో గద్దె మారింది. నాణ్యమైన మందు, తక్కువ ధర! ఎన్నికల హామీల్లో ఇంత నిజాయితీ ఎప్పుడూ చూడలేదు లెండి. 3,396 ప్రైవేటు షాపులు తెరిచారు. రూ.99 క్వార్టర్ దింపారు. ఏడాది తిరిగేసరికి, 2025 అక్టోబరులో, పక్కనున్న అన్నమయ్య జిల్లా ములకలచెరువులో ఏకంగా నకిలీ మద్యం కార్ఖానా బయటపడింది. ఇప్పుడు ‘విషం’ అని అరిచే వంతు నిన్న ‘ప్రమాణాలు’ అన్నవాళ్లది. ప్రమాణాలు చెప్పే వంతు నిన్న అరిచినవాళ్లది. డైలాగులు అవే. నోళ్లే మారాయి.

సర్కారు ఏం చేసింది? యాప్ తెచ్చింది. ఎక్సైజ్ సురక్ష. సీసా మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే అసలుదో నకిలీదో తెలుస్తుందట. బాగుంది. కానీ ఫోను చదివేది స్టిక్కర్‌ను. లోపలున్న ద్రవాన్ని కాదు. పన్ను కట్టిందీ లేనిదీ దొరుకుతుంది గానీ మిథనాల్ ఎంతో అందులో ఎక్కడుంది? ఆ బ్యాచ్ ల్యాబు రిపోర్టును అదే కోడ్ వెనక పెట్టడానికి ఏమవుతుంది? జమ్మలమడుగు ఉక్కు ఫ్యాక్టరీలాగా దీనికి శంకుస్థాపన మీద శంకుస్థాపన అక్కర్లేదే! ఒక్క పీడీఎఫ్. అంతే.

సరే, అదీ పెట్టారనుకుందాం. సందు చివర బెల్టు షాపులో మూత తీసి, ప్లాస్టిక్ గ్లాసులో పోసి అమ్మే పెగ్గుకు ఆ కోడ్ ఎక్కడ అంటిస్తారు దొరా?