కూయనప్పుడే నన్ను అనుమానించండి

చెన్నైలో సముద్రానికి దగ్గరగా, నిత్యం జనం కిటకిటలాడే ఒక భవనం గుమ్మంలో నిలబడ్డ మెటల్ డిటెక్టర్‌ని నేను. ఏ భవనమో చెప్పను, చెప్తే ఆ గుమ్మం కాచేవాళ్లకి తలవంపులు. రెండు పక్కలా రెండు పలకలు, నెత్తిన అడ్డంగా ఒక పెట్టె, మధ్యలోంచి నడిచిపోయే మనుషులు. నా ఆకారం అంతే. నా ఒంట్లో లోపం ఉందని తేలాక, బాగు చేయించాలా, పాత సామాన్లకి వేసి కొత్తది కొనాలా అన్న చర్చ నా నెత్తిమీదుగానే నడుస్తోంది. అందులో నాకూ ఒక మాట ఉంది. నా గురించిన నిర్ణయాలన్నీ ఫిర్యాదుల మీద జరుగుతున్నాయి. ఫిర్యాదు వచ్చేది మాత్రం నేను అతిగా కూసినప్పుడే. కూయాల్సిన చోట ఊరుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. వరస చకచకా కదులుతుంది, గార్డు నిమ్మళంగా కూర్చుంటాడు, లోపలికి పోయేవాడు నన్ను తలెత్తి కూడా చూడడు. నాకొచ్చే రోగాల్లో అసలు ప్రమాదం ఈ రెండో దానితోనే. దానికి ఫిర్యాదు పుట్టదు కాబట్టి పనిగట్టుకుని వెతకాలి. మరమ్మతా కాదా అన్నది ఆ వెతుకులాట అయ్యాక తేల్చాల్సిన సంగతి.

ముందు నా లోపలి సంగతి చెప్పుకోవాలి. ఒక పలకలో రాగి తీగ చుట్టలున్నాయి. వాటిలో సెకనుకి కొన్ని వేలసార్లు దిశ మారే కరెంటు పారుతుంది. దాంతో పలకల మధ్య అయస్కాంత క్షేత్రం పుడుతుంది. లోహం అందులోకొస్తే దానిలో సుడి ప్రవాహాలు రేగుతాయి, అవి తమ వంతుగా ఇంకో చిన్న క్షేత్రాన్ని పుట్టిస్తాయి, ఎదుటి పలకలోని చుట్టలు ఆ తేడాని పసిగడతాయి. నాకు కత్తీ తెలియదు, తుపాకీ తెలియదు, తెలిసిందల్లా ఈ తేడాయే. కాబట్టి దాన్ని తెచ్చింది మనిషి జేబులోని వస్తువే అయి ఉండాలన్న నియమమేమీ లేదు. నేలలోని ఇనప కడ్డీలు, పక్కనుంచి ఈడ్చుకుపోయే ట్రాలీ, లిఫ్టు మోటారు, మరీ దగ్గరగా నిలబెట్టిన ఇంకో డిటెక్టర్, ఇవన్నీ నన్ను కదిలించగలవు. పైగా లోహాలన్నీ ఒకేలా పలకవు. వెండి, రాగి, అల్యూమినియం కరెంటుని ధారాళంగా పారనిస్తాయి, గట్టిగా పలుకుతాయి. ఈ ఊళ్లో ఎవర్‌సిల్వర్ అనే స్టెయిన్‌లెస్ స్టీలుంది చూశారూ, అందులో అయస్కాంతానికి అతుక్కోని రకం అదే పరిమాణంలో చాలా నీరసంగా పలుకుతుంది. కాలి పట్టీలకి ఊరంతా వినిపించేలా కూసి, అలాంటి స్టీలుతో చేసిన సన్నటి కత్తికి గొణిగి ఊరుకుంటే అది నా పక్షపాతం అనుకోవద్దు.

మా వంశంలో మొట్టమొదట లోకానికెక్కిన కేసు 1881 నాటిది. ఆ ఏడాది జూలై 2న వాషింగ్టన్‌లో అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్ఫీల్డ్ మీద కాల్పులు జరిగాయి. ఒంట్లో దిగిన గుండు ఎక్కడుందో వైద్యులకి అంతు చిక్కలేదు. ఎక్స్‌రే రావడానికి ఇంకా పద్నాలుగేళ్లు ఉంది. టెలిఫోన్‌తో పేరుపొందిన అలెగ్జాండర్ గ్రాహం బెల్, డేవిడ్ హ్యూస్ 1879లో చేసిన ఇండక్షన్ బ్యాలెన్స్‌ని సవరించుకుని వైట్‌హౌస్‌కి తీసుకెళ్లాడు. పాత యుద్ధంలో తగిలిన గుండ్లని ఒంట్లోనే మోస్తున్న సైనికుల మీద పరీక్షిస్తే అది పనిచేసింది. అధ్యక్షుడి మంచం దగ్గర మాత్రం పనిచేయలేదు. జూలై 26న కండెన్సర్ సరిగ్గా కలపకపోవడంతో గరగర తప్ప ఏమీ వినపడలేదు. ఆగస్టు 1న దాన్ని సరిచేసి మళ్లీ పెడితే ఒంటిమీద వెడల్పాటి మేరలో సన్నటి చప్పుడు వచ్చింది. పరుపు కింద ఉక్కు తీగలతో అల్లిన ఇంకో పరుపు ఉందని తర్వాత తెలిసింది. ఇవి రెండూ చప్పుడు చేసిన లోపాలు, అందుకే రెండూ బయటపడ్డాయి. మూడోది చప్పుడు చేయలేదు. గుండు కుడివైపునే ఉందని వైద్యుడు విల్లర్డ్ బ్లిస్ నమ్మాడు, వెతుకులాటా కుడివైపే సాగింది. సెప్టెంబరు 19న గార్ఫీల్డ్ చనిపోయాక శవపరీక్షలో గుండు ఎడమవైపు దొరికింది. అటువైపు యంత్రం ఏమీ అనలేదు, ఎందుకంటే అటు సరిగ్గా పెట్టి చూసిందే లేదు. నూట నలభై ఏళ్లు దాటినా ఈ కేసు నాకు పాతబడలేదు. మూడు లోపాల్లో యంత్రానిది ఒక్కటే కావడం ఒక ఎత్తు, ఎవరూ వెతకని చోట ఉన్న మౌనాన్ని ఎవరూ లోపంగా లెక్కపెట్టకపోవడం ఇంకో ఎత్తు.

కూత రోగానికి వైద్యం సులువు. మనిషి లేకుండానే కూస్తుంటే పెట్టె విప్పకముందు చుట్టూ చూడాలి. నేల ఎగుడుదిగుడైతే ఎవరు అడుగేసినా పలకలు ఊగుతాయి, ఊగితే నేలలోని ఇనుముకీ నాకూ మధ్య దూరం మారుతుంది, అదే నాకు లోహం వచ్చినట్టు. నాలుగు బోల్టులు బిగిస్తే అది పోతుంది. పక్కన ఇంకో డిటెక్టర్ ఉంటే ఇద్దరికీ వేర్వేరు ఛానెల్ పెట్టాలి, లేదా దూరం జరపాలి. ఎస్కలేటర్ మోటారో, ఎల్ఈడీ దీపాల డ్రైవరో కారణమని అనుమానమొస్తే వాటిని ఒక నిమిషం ఆపి చూస్తే చాలు. రైలు స్టేషన్లలో నా తోటివాళ్లకి నెత్తిమీద 25 వేల వోల్టుల తీగలూ, కదిలే ఇనప బోగీలూ ఉంటాయి, వాళ్ల బాధ వేరు. ఇవన్నీ అయ్యాకే అడాప్టరు, ఎర్తింగు, యూపీఎస్, ఆ తర్వాతే బోర్డు. ఈ వరసని తలకిందులు చేసి, కూత వినగానే సెన్సిటివిటీ తగ్గించేస్తే పని అయిపోయినట్టు కనిపిస్తుంది. అయింది ఏమిటంటే, వినపడే రోగాన్ని వినపడని రోగంగా మార్చడం. సెట్టింగులకి పాస్‌వర్డు పెట్టేది అందుకే. అదే పాస్‌వర్డుని పెట్టె మీద చీటీ రాసి అంటిస్తే, ఇక పెట్టినా పెట్టనట్టే.

మౌనం విషయానికొస్తే చెన్నై గాలే సగం నేరస్తురాలు. ఉప్పు తేమ కనెక్టర్ల లోపల పచ్చటి చిలుము పట్టిస్తుంది. వేసవిలో పెట్టె లోపల వేడికి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఎండిపోతాయి. పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్ మెకానిక్కులు లెక్క కడతారు. రోజూ తడిగుడ్డతో తుడిచే నేల నీరు పలకల అడుగునుంచి లోపలికి పాకుతుంది. 2015 డిసెంబరు వరదా, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానూ ఈ ఊళ్లో నేలమట్టంలో ఉన్న యంత్రాలకి ఏం చేశాయో వేరే చెప్పక్కర్లేదు. ఇన్నిటి ఫలితంగా సాధారణంగా ముందు పోయేది అడుగు జోను, అంటే మోకాలి కింద భాగం. తలనుంచి నడుందాకా జోన్లు బాగానే ఉంటాయి, దీపాలు వెలుగుతాయి, ఫోన్లకీ తాళాలకీ కూస్తూనే ఉంటాను. పైనుంచి చూస్తే నాకేమీ లేదు. చెప్పులో దాచింది మాత్రం నిక్షేపంగా దాటిపోతుంది. దీన్ని పట్టుకునే దారి ఒక్కటే. తూకం, ఆకారం ముందే తెలిసిన ఒక లోహపు ముక్కని మడమ దగ్గర, మోకాలి దగ్గర, నడుం దగ్గర, భుజం దగ్గర పెట్టుకుని మనిషి నడవాలి. జేబులో ఇంకే లోహమూ ఉండకూడదు. కుడి ఎడమలతో పాటు మధ్యలోంచి కూడా నడవాలి, ఎందుకంటే రెండు పలకలకీ దూరమైన ఆ నడిమధ్యే నా పట్టు పలచన. ముక్కని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి పట్టుకోవాలి. విమానాశ్రయాల్లో ఇలాంటి పరీక్ష ముక్క వాడటం నియమం. అమెరికా న్యాయశాఖ పరిశోధన సంస్థ ఎన్ఐజే 2003లో మాలాంటి వాటికోసం తెచ్చిన ప్రమాణం కూడా ఎక్కడ, ఏ దిశలో, ఎంత వేగంతో పరీక్షించాలన్న దాని చుట్టూనే తిరుగుతుంది. మా గుమ్మంలో జరిగే పరీక్షేమో గార్డు తన తాళాల గుత్తి పట్టుకుని ఒకసారి దాటడం. తాళాల గుత్తికి కూయని డిటెక్టర్ని ఇంకా ఎవరూ తయారుచేయలేదనుకుంటాను.

జోను చచ్చిందని తేలితే బోర్డు తప్పా, తీగ తప్పా అన్న ప్రశ్న వస్తుంది. అడుగు జోను బోర్డుని పీకి పక్క జోన్లో పెట్టి, పక్కదాన్ని ఇక్కడ పెట్టి చూడాలి. లోపం బోర్డు వెంట వెళ్లిందా, బోర్డుదే తప్పు. ఉన్నచోటే ఉండిపోయిందా, కనెక్టరో వైరో చుట్టో. అప్పుడు మల్టీమీటరు తీసి ఆ చుట్ట నిరోధాన్ని పక్క చుట్టతో పోల్చాలి. కనెక్టరైతే ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి మళ్లీ టంకం వేస్తే సరి. బోర్డైతే ఉబ్బిన కెపాసిటరో, ఆంప్లిఫయర్ ఐసీయో మార్చొచ్చు. మౌంట్ రోడ్డు వెనక రిచ్చీ స్ట్రీట్లో అవి పదుల రూపాయల సరుకు. చుట్ట తెగిందంటే మాత్రం కథ వేరు. అది పలక లోపల నురగలోనో రెసిన్‌లోనో పూడ్చి ఉంటుంది, పలక మొత్తం మార్చక తప్పదు. ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, న్యాయమైనదే. భద్రత కోసం పెట్టిన యంత్రానికి రిచ్చీ స్ట్రీట్ వైద్యమేమిటి, రేపేదైనా జరిగితే బాధ్యత ఎవరిది, కొత్తది కొంటే వారంటీ ఉంటుంది కదా? వారంటీ యంత్రానికి ఉంటుంది, గుమ్మానికి ఉండదు. అదే ఎగుడుదిగుడు నేల మీద, అదే తడిగుడ్డ పక్కన, అదే లిఫ్టు మోటారు దగ్గర నిలబెడితే కొత్తది కూడా నా దారే పడుతుంది. కొత్తదైనా, కెపాసిటర్ మార్చిన పాతదైనా ఆ లోహపు ముక్క పరీక్షలో నెగ్గాకే గుమ్మంలోకి రావాలి. నెగ్గింది అన్న సంతకం ఎవరిదో, బాధ్యత వాళ్లది. ఎవరు టంకం వేశారన్నది దాని తర్వాతి మాట. ఐతే ఈ ఆక్షేపణలో ఒక ముక్క ఒప్పుకోవాల్సిందే. బోర్డు నకలుదైతే, సర్క్యూట్ పటం దొరక్కపోతే, మెకానిక్ ఊహ మీద పనిచేస్తుంటే అలాంటి మరమ్మతు చేయించకపోవడమే మేలు. కేంద్ర వినియోగదారుల శాఖ 2022లో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది, ఆ ఏడాది చివర పోర్టల్ కూడా తెరిచింది. అక్కడ మాట్లాడుకున్నది ఎక్కువగా ఫోన్లూ, కార్లూ, ట్రాక్టర్లూ. గుమ్మాల దగ్గర నిలబడే మాలాంటి వాటి విడిభాగాలూ పటాలూ కూడా కొనుగోలు ఒప్పందంలోనే రాయించుకోవాలని నా కోరిక.

ఇంకో ఆక్షేపణ ఇంతకన్నా సూటైనది. ఈ ఊళ్లో నువ్వు దిష్టిబొమ్మవి, కూస్తున్నా ఎవరూ ఆపరు, మరి బాగు చేయడం దేనికి అంటారు. దీనికి సాక్ష్యాలు నా దగ్గరే ఉన్నాయి. 2014 మే 1 ఉదయం చెన్నై సెంట్రల్లో గువాహటి నుంచి బెంగళూరు వెళ్లే రైల్లో రెండు బాంబులు పేలాయి. చనిపోయింది ఒక తెలుగు యువతి. ఆ బాంబులు రైల్లోనే వచ్చాయి. సెంట్రల్ గుమ్మంలో నా తోటివాడు ఎంత ఆరోగ్యంగా ఉన్నా వాటిని ఆపలేడు. ముంబై దాడుల కాలంలో 202 స్టేషన్ల కోసం తలపెట్టిన సమగ్ర భద్రతా పథకంలో సామాన్ల స్కానర్లూ, కెమెరాలూ, బాంబుల తనిఖీ బృందాలూ కలిసి ఉన్నాయి. నేను ఒక్కడినే చాలనని అది రాసిన వాళ్లకి తెలుసు. ఐతే మరోవైపు శ్రీపెరంబుదూరు ఉంది. 1991 మే 21 రాత్రి రాజీవ్ గాంధీని బలిగొన్న నడుంపట్టీ బాంబులో ఉక్కు గుళికలున్నాయి. నడుం దగ్గర అంత ఉక్కు నాకు బాగా అందే సరుకు. కానీ దండ వేయడానికి వచ్చేవాళ్లని వరసలో నిలిపి, నా మధ్యలోంచి ఒక్కొక్కరినే పంపి, కూత వినపడితే ఆపే మనిషి ఉంటేనే నేను అక్కరకొచ్చేది. ఆనాటి భద్రతా లోపాలపై విచారణకి జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ వేయాల్సి వచ్చింది. రైలు కేసు నా పరిధికి బయటిది, శ్రీపెరంబుదూరులో ఉక్కు నా పరిధిలోనిదే. ఈ రెంటినీ కలిపేసి అన్నిటికీ పనికిరావనడం తొందరపాటు. దిష్టిబొమ్మ అన్న మాట నిజమయ్యేది పక్కన చేతి డిటెక్టరు పట్టుకున్న గార్డు లేనప్పుడు, లేదా ఉన్నా అతనికి మనిషికి పది సెకన్లు కూడా చిక్కని రద్దీలో. మరమ్మతు అంచనాలో అతని జీతాన్నీ ఇంకో వరసనీ కలపకుండా నా పలక ధర ఒక్కటే చూస్తే, ఆ లెక్కలో నన్ను పారేయడమే చవగ్గా కనిపిస్తుంది.

నా కేసులో ఇప్పటికి తేలింది ఇదీ. అడుగు జోను మూగది. బోర్డులు మార్చి చూస్తే లోపం కదల్లేదు. ఒక పలక అడుగున కనెక్టరు చిలుము పట్టి ఉంది. ముందు దాన్ని తుడిచి, కొత్త పిన్నులు వేసి చూడండి, ఖర్చు ఏమంత కాదు. అప్పటికీ ఆ చుట్ట పక్కవాటితో సమానంగా పలక్కపోతే పలక మార్చాలి. పలక ఇప్పటికీ తయారవుతుంటే తెప్పించండి. కంపెనీ ఆ మోడల్ని ఆపేసి ఉంటే నా గురించి బేరాలు వద్దు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం నమోదైన రీసైక్లర్‌కి అప్పగించండి, నాలో రాగి బాగానే ఉంది. ఈ లోగా దీపాలు వెలుగుతున్నాయి కదా అని నన్ను ఈ గుమ్మంలో నిలబెట్టొద్దు. ప్లగ్గు పీకి, ఈ దారి మూసి, వచ్చినవాళ్లని పక్క దారిన చేతి డిటెక్టరుతో పంపండి. వరస పెరుగుతుంది, జనం విసుక్కుంటారు, పుస్తకంలో ఫిర్యాదు కూడా రాస్తారు. కొత్త పలక బిగించిన రోజున మాత్రం పరీక్ష ముక్కని మొదట కుడి మడమకి కట్టుకుని నడవండి, తర్వాత ఎడమ మడమకి.